సహసంబంధం, కారణం: బోధన్ చెరకు అడుగుతున్న ప్రశ్న

బోధన్ పరిసరాల్లో చెరకు ఎందుకు పోయిందని రైతును అడిగితే, ఫ్యాక్టరీ మూతపడింది కనుక పోయిందంటాడు. ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందని యాజమాన్యం తరఫు వారిని అడిగితే, చెరకు రాలేదు కనుక నడపలేకపోయామంటారు. నీటిపారుదల సంగతి తెలిసినవారు ఈ రెండు వాదనలనూ పక్కకు నెట్టి మంజీరలో నీరు లేకపోవడమే మూలమంటారు. ముగ్గురి వద్దా అంకెలున్నాయి. ముగ్గురి అంకెలూ నిజమైనవే కావచ్చు. చెరకు విస్తీర్ణాన్నీ క్రషింగ్ పరిమాణాన్నీ పక్కపక్కన పెట్టి సహసంబంధ గుణకం లెక్కిస్తే పెద్ద అంకె వస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఆ గుణకానికి దిశ లేదు. మొదటి చరాన్ని రెండవదిగా, రెండవదాన్ని మొదటిదిగా మార్చి రాసినా విలువ అంతే ఉంటుంది. వివాదమంతా దిశ గురించే అయినప్పుడు, దిశ చెప్పలేని కొలమానంతో తీర్పు ఇవ్వడం సాధ్యం కాదు.

ఈ ప్రశ్న కేవలం తరగతి గదికి సంబంధించినది కాదు. నిజాం చక్కెర కర్మాగారాల పునరుద్ధరణను పరిశీలించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఒక కమిటీని నియమించింది. కర్మాగారం తిరిగి నడవాలంటే రైతు మళ్లీ చెరకు వేయాలి. వేయమని చెప్పవలసిన బాధ్యత చాలావరకు విస్తరణ శాస్త్రవేత్తలపైనే పడుతుంది. చెరకు పోవడానికి కర్మాగారం మూతే కారణమైతే, తెరిస్తే చెరకు తిరిగి వస్తుంది. నీరు, కూలీలు, చెల్లింపుల జాప్యం కారణమైతే, తెరిచినంత మాత్రాన రాదు. తప్పు కారణాన్ని నమ్మి ఇచ్చిన సలహాకు మూల్యం చెల్లించేది ముచ్చెలు కొని పన్నెండు నెలలు పొలాన్ని ఒకే పంటకు కట్టిపడేసిన రైతు.

ముందుగా చరిత్రను క్లుప్తంగా చూద్దాం. మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీటిని ఆసరా చేసుకొని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో సంస్థగా ఏర్పడి, బోధన్ శక్కర్‌నగర్‌లో వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపొందింది. కాలక్రమంలో జలాశయంలో పూడిక పెరిగింది. ఎగువన సింగూరు జలాశయం నిర్మించి మంజీర నీటిని హైదరాబాదు తాగునీటికి మళ్లించారు. 2002లో కర్మాగారాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో సంయుక్త సంస్థగా మార్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడూ ఆగిపోయాయి.

ఈ వరుసను కార్యకారణ దృష్టితో చదివేటప్పుడు మొదట తోడు తెచ్చుకోవలసింది పంట క్యాలెండర్‌ను. గణాంక సాఫ్ట్‌వేర్‌ది ఆ తరువాతి స్థానం. ఈ ప్రాంతంలో చెరకు ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు నాటుతారు. అది మరుసటి శీతాకాలంలో క్రషింగ్‌కు వస్తుంది. అంటే 2015 డిసెంబరులో కోతకు సిద్ధంగా ఉన్న తోట, మూసివేత నిర్ణయానికి చాలాముందే నాటినది లేదా అంతకుముందు నరికిన మోళ్ల నుంచి వచ్చిన కార్శి. కనుక ఆ సీజనుకు ముందు జరిగిన విస్తీర్ణ క్షీణతకు మూసివేత కారణం కాజాలదని ఒక విద్యార్థి వాదించవచ్చు. కారణం కార్యానికి ముందుండాలన్న నియమం ప్రకారం ఆ వాదన సరైనదిగానే కనిపిస్తుంది.

రైతు మాత్రం గతాన్ని చూసి ఒక్కటే పంట వేయడు. రాబోయేదాన్ని కూడా అంచనా వేసుకుంటాడు. చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో రైతుకు సొమ్ము చెల్లించాలి. ఆ చెల్లింపు నెలల తరబడి ఆగినచోట, ఫలానా ఫ్యాక్టరీ వచ్చే ఏడాది నడుస్తుందో నడవదో అన్న మాట ఊళ్లో పుట్టినచోట, రైతు మూసివేతకు ముందే చెరకు నుంచి తప్పుకుంటాడు. అప్పుడు కార్యం కారణానికి ముందే సంభవించినట్లు పట్టికలో కనిపిస్తుంది. నిజానికి అక్కడ పనిచేసినది మూసివేత భయం. చెరకు తగ్గితే క్రషింగ్ తగ్గుతుంది, క్రషింగ్ తగ్గితే నష్టం, నష్టం వస్తే బకాయిలు, బకాయిలుంటే మరుసటి ఏడాది ఇంకా తక్కువ చెరకు. ఇదొక వలయం. వలయంలో ఏది ముందు అని అడిగితే సమాధానం దొరకదు. ఏ ఏడాది ఏ లంకె ఎంత బలంగా పనిచేసిందని అడిగితే దొరికే అవకాశముంది. అందుకు ఏడాదివారీ, గ్రామవారీ దత్తాంశం కావాలి. ఒకసారి చేసిన సర్వే చాలదు.

చిక్కు అక్కడితో తీరలేదు. 2014, 2015 రెండూ దేశమంతటా వర్షాభావ సంవత్సరాలు. నైరుతి రుతుపవన వర్షపాతం దేశ సగటు కంటే మొదటి ఏడు 12 శాతం, రెండవ ఏడు 14 శాతం తగ్గింది. నిజాంసాగర్ ఆయకట్టు ఆ కాలంలో పడిన ఇబ్బంది స్థానికులందరికీ తెలుసు. కరువు, మూసివేత ఒకే సమయంలో వచ్చాయి. ఆ ఏడాదికి ముందు ఒక విలువ, తరువాత ఒక విలువ తీసుకొని తేడా లెక్కిస్తే, ఆ తేడా కరువుదో మూసివేతదో చెప్పే మార్గం ఆ రెండు విలువల్లో లేదు. తరువాతి కథ మరింత కలగాపులగం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు, అదే ఏడాది మే నెలలో ఎకరాకు పంటకాలానికి రూ. 4,000 చొప్పున రైతుబంధు, ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలలో మద్దతు ధరకు ధాన్యం సేకరణ, కొన్ని మంచి వానాకాలాలు. చెరకు చేలు వరి మడులయ్యాయి. వరి విస్తీర్ణం పెరుగుదలకు మా పథకమే కారణమని ఏ శాఖ నివేదిక రాసినా దానికి అనుకూలమైన సహసంబంధం దొరుకుతుంది. అన్నీ ఒకే కాలంలో, ఒకే దిశలో కదిలాయి కనుక అన్నింటికీ దొరుకుతుంది.

మన తర్కశాస్త్రానికి ఈ సమస్య కొత్తది కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దాన్ని కాకతాళీయమన్నారు. అంతకంటే సూక్ష్మమైన పాఠం కుమ్మరి గాడిదది. కుండ తయారు కావడానికి ముందు మట్టి మోసిన గాడిద అక్కడ ఉంది. అయినా అది కుండకు కారణం కాదు. మట్టి మరో విధంగా వచ్చినా కుండ అవుతుంది. కార్యానికి ముందుండి కూడా కారణం కాని ఇటువంటిదాన్ని నైయాయికులు అన్యథాసిద్ధమన్నారు. ముందు ఉండటం, క్రమం తప్పకుండా ఉండటం చాలవు. అది లేకుండా కార్యం సిద్ధించకూడదు. ఆధునిక కార్యకారణ విశ్లేషణ అడిగేదీ దాదాపు అదే: ఫలానాది జరగకపోయి ఉంటే ఏమయ్యేది? బోధన్ కర్మాగారం నడుస్తూనే ఉండి ఉంటే 2018లో ఆ పొలాల్లో ఏ పంట ఉండేది? ఆ లోకాన్ని మనం చూడలేం. దానికి వీలైనంత దగ్గరగా ఉండే పోలికను వెతకడమే పరిశోధన రూపకల్పన పని.

కాలశ్రేణుల విషయంలో హెచ్చరిక వచ్చి వందేళ్లయింది. 1926లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఉడ్నీ యూల్ ఒక వింత చూపాడు. ఇంగ్లండు, వేల్స్ మరణాల రేటుకూ, ఇంగ్లండు చర్చి పద్ధతిలో జరిగే వివాహాల నిష్పత్తికీ మధ్య సహసంబంధం 0.95 వచ్చింది. రెండూ దశాబ్దాల తరబడి తగ్గుతూ వచ్చాయి, అంతే. క్రమంగా పెరిగే లేదా తగ్గే ఏ రెండు శ్రేణులను తీసుకున్నా ఇలాగే ఉంటుంది. నిజామాబాద్ జిల్లా చెరకు విస్తీర్ణాన్ని సెల్‌ఫోన్ల సంఖ్యతో పోల్చినా బలమైన ఋణ సహసంబంధం రావచ్చు. కనీసం ఏడాదికి ఏడాది వచ్చిన మార్పులను పోల్చి చూసే అలవాటైనా మన విద్యార్థులకు చేయాలి.

ఇక మన ఇంటి సంగతి. విస్తరణ విభాగపు పీజీ సిద్ధాంత వ్యాసాలు తెరిస్తే ఒక పట్టిక తప్పక కనిపిస్తుంది. ఎడమవైపు వయస్సు, విద్య, భూకమతం, సాగు అనుభవం, విస్తరణ సంపర్కం, మాధ్యమ వినియోగం, నవ్యతాభిలాష వంటి పది పదిహేను స్వతంత్ర చరాలు. కుడివైపు ఆధారిత చరంతో వాటి సహసంబంధ గుణకాలు, పక్కన నక్షత్రాలు. రూపకల్పన పేరు ఎక్స్ పోస్ట్ ఫ్యాక్టో, అంటే అంతా జరిగిపోయాక వెనక్కి చూడటం. ప్రతిస్పందకులు తరచుగా 120 మంది. నక్షత్రమున్న ప్రతి చరం గురించి ఒక పేరా, చివర సిఫారసు: విస్తరణ సంపర్కం పెంచినచో స్వీకరణ పెరుగును.

120 మంది నమూనాలో 0.18 గుణకానికే 5 శాతం స్థాయిలో సార్థకత వస్తుంది. 0.24 ఉంటే 1 శాతం స్థాయిలో రెండు నక్షత్రాలు. కానీ 0.20 గుణకాన్ని వర్గం చేస్తే 0.04. అంటే స్వీకరణలోని వైవిధ్యంలో 4 శాతమే దానితో ముడిపడి ఉంది, 96 శాతం మరెక్కడో ఉంది. పైగా అసలు ఏ సంబంధమూ లేని పదిహేను స్వతంత్ర చరాలను 5 శాతం స్థాయిలో విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒక్కదానికైనా నక్షత్రం పడే సంభావ్యత 54 శాతం. నక్షత్రం చెప్పేదల్లా ఇంత గుణకం కేవలం యాదృచ్ఛికంగా రావడం అరుదని. కారణం గురించి అది ఏమీ చెప్పదు. ఎంత ముఖ్యమో కూడా చెప్పదు.

విస్తరణ సంపర్కం ఉదాహరణనే తీసుకుందాం. ప్రదర్శన క్షేత్రానికి రైతును ఎంపిక చేసేటప్పుడు మనం ఎవరి దగ్గరకు వెళ్తాం? మాట వినేవాడు, రోడ్డు పక్కన పొలం ఉన్నవాడు, ఇంతకుముందే రెండు కొత్త పద్ధతులు పాటించినవాడు. స్వీకరించే స్వభావమే సంపర్కాన్ని తెచ్చింది. ఆ తరువాత సంపర్కం వల్ల స్వీకరణ వచ్చిందని మనమే రాసుకుంటాం. ఇది మన శ్రమను మనమే మెచ్చుకోవడం అవుతుంది. కాలువ చివరి ఊళ్లో, మన జీపు వెళ్లని చోట, అదే సంపర్కం అదే ఫలితాన్నిస్తుందని ఆ పట్టిక ఎక్కడా హామీ ఇవ్వలేదు.

ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు రైతులను సర్వే చేస్తే మరో విధమైన చిక్కు ఎదురవుతుంది. దుంపకుళ్లుకు ఎక్కువసార్లు మందు ద్రావణం పోసిన రైతుల పొలాల్లోనే తెగులు ఎక్కువగా కనిపించవచ్చు. మందు తెగులు తెచ్చిందా? తెగులు కనిపించినవాడే మందు పోశాడు. ఆసుపత్రిలో ఎక్కువ మందులు వాడేవారు ఎక్కువ జబ్బుగా ఉండటం వంటిదే ఇది. ఈ దత్తాంశం నుంచి మందు పనిచేయదన్న సిఫారసు వెలువడితే జరిగే నష్టం చిన్నది కాదు. చెరకులో బిందు సేద్యం సంగతి దీనికి అద్దంలో ప్రతిబింబం. డ్రిప్ పెట్టినవారి దిగుబడి ఎక్కువని సర్వే చెబుతుంది. డ్రిప్ పెట్టాలంటే నీళ్లున్న బోరు, తన పేర పట్టా, రాయితీ పోను మిగిలిన వాటా చెల్లించే స్తోమత ఉండాలి. ఇవన్నీ ఉన్నవాడి దిగుబడి డ్రిప్ లేకపోయినా కౌలు రైతు కంటే మెరుగ్గానే ఉండవచ్చు. డ్రిప్ ప్రయోజనం లేదని దీని అర్థం కాదు; ఆ తేడాలో డ్రిప్ వాటా ఎంతో ఈ పోలిక చెప్పలేదని అర్థం.

నమూనా ఎంపికలోనూ కారణం మారువేషం వేస్తుంది. 2015 తరువాత కూడా చెరకు సాగు చేస్తూ దూరపు ఫ్యాక్టరీలకు తరలించిన రైతులను మాత్రమే అడిగి, చెరకు లాభదాయకమేనని తేల్చడం సులభం. నష్టపోయినవారు వరికి మారిపోయారు. చెరకు రైతుల జాబితాలో వారి పేర్లే ఉండవు. నరికిన చెరకును ఒక రోజు లోపల గానుగ ఆడకపోతే బరువు, చక్కెర శాతం రెండూ తగ్గుతాయి. దూరం పెరిగిన కొద్దీ మిగిలేవాడు సొంత ట్రాక్టరు ఉన్నవాడే. అటువంటి జాబితాను నమూనా చట్రంగా తీసుకుంటే, ఎంత గొప్ప బహుళ ప్రతిగమన విశ్లేషణ చేసినా లాభం లేదు.

ప్రజనన విభాగపు విద్యార్థులకు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వారి ప్రియమైన పాత్ విశ్లేషణ పుట్టుక ఈ చర్చతోనే ముడిపడి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న సీవాల్ రైట్ 1921లో ఒక వ్యవసాయ పరిశోధన పత్రికలోనే దాన్ని వివరించాడు. ఆ వ్యాసం పేరే సహసంబంధం, కారణత్వం. 1959లో డ్యూయీ, లూ అనే ఇద్దరు దాన్ని ఒక గడ్డిజాతి విత్తన దిగుబడికి అన్వయించిన తరువాత మన విశ్వవిద్యాలయాలన్నింటా వ్యాపించింది. రైట్ మొదటినుంచీ స్పష్టంగానే ఉన్నాడు: ఈ పద్ధతి సహసంబంధాల నుంచి కారణాలను పిండి తీయదు. కారణాల గురించి పరిశోధకుడికి ముందే తెలిసినదాన్ని సహసంబంధాలతో జతచేసి, వాటి పరిమాణాన్ని అంచనా వేస్తుంది. బాణాలు గీయవలసినది మనిషి. మనం బాణాల చిత్రాన్ని ఆలోచించకుండా గీసి, కంప్యూటరు ఇచ్చిన ప్రత్యక్ష ప్రభావాన్ని ప్రకృతి నియమంగా చదువుతున్నాం. ఎకరాలో గడల సంఖ్య, ఒక్కో గడ బరువు చెరకు దిగుబడిపై అధిక ప్రత్యక్ష ప్రభావం చూపాయని రాయడం మరీ విచిత్రం. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదే దిగుబడి కదా. ఎక్కాల పుస్తకం చెప్పే సంగతికి పాత్ విశ్లేషణ అక్కరలేదు.

పరిశోధన స్థానంలో ఈ బాధ చాలావరకు లేదు. అందుకు రొనాల్డ్ ఫిషర్‌కు రుణపడి ఉన్నాం. 1919లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరిన ఆయన, ఏ మడికి ఏ ఎరువు వేయాలో పరిశోధకుడి ఇష్టానికి వదలకుండా చీటీ వేసి నిర్ణయించాలన్నాడు. 1935 నాటి ఆయన ప్రయోగ రూపకల్పన గ్రంథం దాన్ని స్థిరపరచింది. రుద్రూరు చెరకు, వరి పరిశోధన స్థానంలో ఏ శాస్త్రవేత్తయినా సారవంతమైన మడిని తనకు నచ్చిన రకానికి కేటాయిస్తే సహోద్యోగులు ఒప్పుకోరు. అదే శాస్త్రవేత్త గేటు దాటి గ్రామానికి వెళ్లేసరికి, రైతులు తమంతట తాము ఎంచుకున్న పద్ధతులను పోల్చి కారణం ప్రకటించడానికి సంకోచించడు. నాకు అర్థం కాని సంగతి ఇదొక్కటే.

అయితే ఫిషర్ జీవితమే దీనికి రెండో పార్శ్వాన్ని కూడా చూపుతుంది. డాల్, హిల్ 1950లో పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టినప్పుడు, ఆ దశాబ్దం చివర ఫిషర్ ఎదురు నిలిచాడు. రెండింటికీ మూలమైన వంశపారంపర్య లక్షణమేదో ఉండవచ్చన్నాడు. తర్కం తప్పు కాదు, తీర్పు తప్పు. రకరకాల ప్రాంతాల నుంచి, రకరకాల రూపకల్పనల నుంచి ఒకే సమాధానం వస్తున్నా, తాగిన మోతాదు పెరిగిన కొద్దీ రోగం పెరుగుతున్నా ఆయన అంగీకరించలేదు. కనుక సహసంబంధం కారణం కాదన్న వాక్యాన్ని కవచంగా వాడుకోవడం కూడా అపాయమే. పురుగుమందు పిచికారీ చేసే కూలీల అనారోగ్యం గురించి ఎవరైనా అంకెలు చూపితే, యాదృచ్ఛిక ప్రయోగం ఏదీ అని అడిగి పంపేయడం శాస్త్రం కాదు. అటువంటి ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు.

మరి బోధన్ విషయంలో ఏం చేయవచ్చు? రైతులకు చీటీ వేసి ఫ్యాక్టరీని పంచలేం. కానీ పోలికలు ఉన్నాయి. 2015లో మూతపడిన మూడు యూనిట్ల చుట్టూ నీటి వసతి, ప్రత్యామ్నాయ పంటలు ఒక్క తీరుగా లేవు. ముత్యంపేట పరిసరాల్లో పసుపు ఉంది, బోధన్‌లో కాలువ కింది వరి ఉంది. మరోవైపు కామారెడ్డి ప్రాంతంలో ప్రైవేటు చక్కెర కర్మాగారాలు మూతపడకుండా కొనసాగాయి. కరువు అందరికీ వచ్చింది, మూసివేత కొందరికే వచ్చింది. మూతపడిన పరిధిలోని గ్రామాల్లో వచ్చిన మార్పు నుంచి, నడుస్తున్న పరిధిలోని గ్రామాల్లో వచ్చిన మార్పును తీసివేస్తే, ఉమ్మడిగా పడిన కరువు ప్రభావం చాలావరకు రద్దవుతుంది. దీనికి ఒక షరతు ఉంది. మూసివేతకు ముందు అయిదారేళ్లు ఆ రెండు రకాల గ్రామాల్లో చెరకు విస్తీర్ణం ఒకే పోకడలో సాగి ఉండాలి. సాగలేదని తేలితే పోలికను వదులుకోవాలి, లేదా ఆయకట్టు, బోరు నీటి వసతి సరిపోలే గ్రామాలను జతలుగా ఎంచుకోవాలి. అక్కడ కూడా మూసివేతకు ముందు పుట్టిన భయం సంగతి మరవరాదు. పోలిక మొదలయ్యే సంవత్సరాన్ని 2015 అని కళ్లు మూసుకొని రాయకుండా, బకాయిలు పేరుకోవడం మొదలైన సంవత్సరం నుంచి కూడా లెక్కించి చూడాలి.

ఇక పునరుద్ధరణ జరిగితే, అది మనకు దొరికే అరుదైన అవకాశం. చెరకు అభివృద్ధి కార్యక్రమం అన్ని గ్రామాలకూ ఒకేసారి చేరదు. విత్తనం చాలదు, సిబ్బంది చాలరు. విడతలు తప్పవు. ఏ గ్రామం మొదటి విడతలో ఉండాలో, ఏది రెండవ విడతలో ఉండాలో పలుకుబడిని బట్టి నిర్ణయించే బదులు, నీటి వసతిని బట్టి వర్గాలు చేసి ఒక్కో వర్గంలో చీటీ వేస్తే, అదనపు ఖర్చు లేకుండానే ఫిషర్ మడులు గ్రామాలంత పెద్దవవుతాయి. చివరికి అందరికీ అందుతుంది కనుక ఎవరికీ అన్యాయం జరగదు. గ్రామ పెద్దలను ఒప్పించడం కష్టమని కొందరంటారు. రేషను సరుకుకు వరుసలో నిలబడటానికి అలవాటుపడిన ఊరికి చీటీ అర్థం కాదని నేననుకోను.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, అది ఒక పీజీ విద్యార్థి ఒక్క సంవత్సరంలో చేయగలిగినది. నిజాంసాగర్ ఆయకట్టులో కాలువ మొదటి, నడిమి, చివరి భాగాల నుంచి గ్రామాలను ఎంచుకొని, చెరకు మానేసినవారిని, ఎన్నడూ వేయనివారిని, ఇంకా వేస్తున్నవారిని కలిపి నమూనా తీసుకోవాలి. ప్రతి కమతంలో గత పదేళ్ల పంటల వరుస, బోరు లోతు, సొంత భూమా కౌలా, చివరిసారి అమ్మిన చెరకుకు డబ్బు ఎన్ని రోజులకు అందింది, కోత కూలీలు ఎక్కడినుంచి వచ్చారు, ఏ సంవత్సరంలో, ఏ సీజనులో మానేశారు అన్నవి నమోదు కావాలి. కర్మాగారం తెరుచుకున్న తరువాత తీసుకున్న దత్తాంశంలో రైతు జ్ఞాపకం వర్తమానపు రంగు పులుముకుంటుంది. ఈ నమోదు తొలి ముచ్చె నాటకముందే పూర్తయి, విభాగంలో భద్రంగా ఉండాలి. అయిదేళ్ల తరువాత మరో విద్యార్థి అవే కమతాలకు తిరిగి వెళ్లగలిగేలా సర్వే నంబర్లతో సహా ఉండాలి.